మంట తగ్గిందని మాత్రలు ఆపేశాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు పక్కన పల్లెటూరు. నాకు 26 ఏళ్లు. ఇది రెండో కాన్పు, అయిదో నెల నడుస్తోంది. మా ఆయన అద్దె ఆటో తోలతారు, నేను సీజన్లో మిర్చి ముచ్చికలు తీసే పనికి వెళ్తాను. మొదటి బాబు ఎనిమిదో నెలలోనే పుట్టాడు, కిలో ఏడొందలు ఉన్నాడు. పద్దెనిమిది రోజులు బాక్సులో పెట్టారు. ఇప్పుడు మూడేళ్లు, బాగున్నాడు. అప్పట్లో డాక్టరమ్మ "ఇన్‌ఫెక్షన్ వల్ల అయ్యుండొచ్చు" అన్నారు. ఈసారి ఒంటికి వెళ్తే మంట మొదలైంది. మిర్చి చేతుల వల్లేమో అనుకుని పది రోజులు ఊరుకున్నా. తర్వాత పరీక్ష చేస్తే పస్ సెల్స్ (చీము కణాలు) ఉన్నాయి, కల్చర్ చేయించుకోమని ఏఎన్‌ఎమ్ గారు చెప్పారు. బయట ల్యాబులో ఆరొందలు అడిగారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజులకి మాత్రలు తెచ్చుకున్నా. రెండు రోజులకే మంట తగ్గింది, ఆపేశాను. కడుపులో బిడ్డ ఉండగా ఎక్కువ మాత్రలు మంచిది కాదని మా అత్త కూడా అంది. మా వీధిలో ఒకావిడ "శుభ్రం లేని వాళ్లకే ఇవన్నీ వస్తాయి" అన్నది. ఆ మాట మనసులో నుంచి పోవట్లేదు. మేం లేనివాళ్లం కాబట్టే నాకిలా అవుతోందా? ఈ బిడ్డ కూడా ముందే పుడుతుందా? పని మానలేను. బార్లీ నీళ్లు తాగితే సరిపోతుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ వారంలో యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించుకోవాలి. తక్కినవి తీరిగ్గా చదువుకోండి, అది మాత్రం వాయిదా వేయకండి.

మంట తగ్గడం వేరు, క్రిమి పోవడం వేరు. మందు పడగానే క్రిములు సగానికి సగం చస్తాయి, మంట పోతుంది. మిగిలినవి మొండివి. మందు ఆపితే మళ్లీ పెరిగేది అవే. పైగా మీకు మంట పుట్టింది కాబట్టి సంగతి బయటపడింది. గర్భిణుల్లో నూటికి ఇద్దరి నుంచి పదిమంది దాకా మూత్రంలో క్రిములు ఉండి కూడా మంట ఉండదు, నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. వాళ్లకి వైద్యం చేయకుండా వదిలేస్తే నలుగురైదుగురిలో ఒకరికి అది కిడ్నీ దాకా పాకుతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉండి ఉండొచ్చు. మంట లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడానికి వీల్లేదు.

మీరు చేయించుకున్న మామూలు పరీక్షలో పస్ సెల్స్ కనిపించాయంటే అనుమానం ఉందని అర్థం, అంతే. తెల్లబట్ట కలిసినా అవి కనిపిస్తాయి. అసలు క్రిమి ఉందా, ఉంటే ఏది, ఏ మందుకి చస్తుంది అన్నది చెప్పేది కల్చర్ ఒక్కటే. అందుకే ఏఎన్‌ఎమ్ గారు దాన్ని చేయించుకోమన్నారు, ఆమె మాట నూటికి నూరుపాళ్లు సరైనది. దానికి ఆరొందలు పెట్టక్కర్లేదు. జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచి ఉంది. దాని ప్రకారం సర్కారు ఆసుపత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్ అవసరమైతే అది, రక్తం, ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి బండి, అన్నీ ఉచితం. మీ పీహెచ్‌సీలో కల్చర్ చేసే ఏర్పాటు ఉండకపోవచ్చు. అక్కడ కాగితం రాయించుకుని మెడికల్ కాలేజీ ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. ఒంటరిగా వెళ్లడం బెరుకైతే మీ ఆశా కార్యకర్తను వెంట రమ్మనండి. అది ఆమె పనిలో భాగమే, మొహమాటపడకండి.

నమూనా ఇవ్వడంలో చాలామంది పొరపాటు చేస్తారు, తర్వాత రిపోర్టులో "మిక్స్‌డ్ గ్రోత్" (రకరకాల క్రిములు కలిసిపోయాయి) అని వస్తే మళ్లీ తిరగాలి. మీకు ఇంకో రోజు కూలి పోకూడదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. చేతులు సబ్బుతో కడుక్కోండి (మిర్చి చేతులైతే ముందు కొబ్బరినూనె పట్టించి, తర్వాత సబ్బుతో. మిర్చి ఘాటు నీళ్లకి పోదు, నూనెకి కరుగుతుంది. రోజూ పనిలో ఒంటికి వెళ్లే ముందు కూడా ఇదే చేయండి). కింద మంచినీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కోండి. మొదట కాస్త మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది సీసాలో పట్టాలి. సీసా వాళ్లిచ్చిందే వాడాలి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి. పట్టిన గంట రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, అందుకే అక్కడికి వెళ్లాకే ఇవ్వడం మేలు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. నమూనా ఇవ్వకముందు మళ్లీ ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు వేసుకోకండి, నమూనా చెడిపోతుంది. పాత మాత్రల అట్ట ఇంట్లో ఉంటే తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

ఆ అట్ట గురించి నాకు కొంచెం బెంగగానే ఉంది. ఊళ్లలో మూత్రంలో మంట అనగానే చేతికి అందే మాత్రలు నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్. గర్భిణులకి వీటిని మేం మామూలుగా ఇవ్వం. రెండు మాత్రలు పడినంత మాత్రాన బిడ్డకి ఏదో అయిపోయిందని భయపడకండి, కానీ మళ్లీ వేసుకోకండి. మీ అత్తగారి భయంలో కొంత నిజం ఉంది: కొన్ని మందులు కడుపుతో ఉన్నవాళ్లకి పనికిరావు. కానీ పనికొచ్చేవి కూడా ఉన్నాయి. నైట్రోఫ్యురాంటాయిన్, సెఫాలెక్సిన్, అమాక్సిసిలిన్, ఫాస్ఫోమైసిన్ లాంటివి ఏళ్ల తరబడి గర్భిణులకి వాడుతున్నవే. కల్చర్‌లో దేనికి క్రిమి లొంగుతుందో చూసి డాక్టరు అందులోంచి ఎంచుకుంటారు. నైట్రోఫ్యురాంటాయిన్ ఇస్తే అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు రంగులో వస్తుంది, అది రక్తం అనుకుని కంగారుపడి మాత్రలు ఆపేసినవాళ్లని నేను చూశాను. అదే మందు నెలలు నిండాక, కాన్పు దగ్గరపడ్డాక ఇవ్వరు. ఏది ఇచ్చినా రాసినన్ని రోజులూ, మంట పోయినా సరే, పూర్తిగా వాడాలి. కోర్సు అయ్యాక ఒకటి రెండు వారాలకి మళ్లీ కల్చర్ చేసి క్రిమి పోయిందని చూసుకోవాలి. ఈ రెండో కల్చర్ దగ్గరే నూటికి తొంభైమంది తప్పిపోతారేమో అనిపిస్తుంది నాకు. మంట లేదు, జ్వరం లేదు, మళ్లీ ఒక రోజు కూలి పోగొట్టుకోవడం ఎందుకని. ఆ రోజు కూలి పోయినా పర్వాలేదు, వెళ్లండి.

ఇక ఆ వీధిలో ఆవిడ మాట.

మూత్రంలో మంట పుట్టించే క్రిమి చాలామందిలో ఇ-కొలై. అది ఎవరి మురికి నుంచో రాదు, మన పేగుల్లోనే ఉంటుంది. నా పేగుల్లో ఉంది, ఆవిడ పేగుల్లోనూ ఉంది. ఆడవాళ్లకి మూత్రనాళం నాలుగు సెంటీమీటర్ల పొడవే కాబట్టి మూత్రసంచిలోకి ఎక్కడం దానికి సులువు. గర్భం వచ్చాక ఇంకా సులువు. ఆ హార్మోన్ల వల్ల కిడ్నీ నుంచి కిందికొచ్చే గొట్టాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం కదలకుండా నిలుస్తుంది. నిలిచిన చెరువులో నాచు పట్టినట్టే. ఇందులో మీ శుభ్రానికి సంబంధించింది ఎంత ఉందో చూడండి. నేను పీజీ చదివే రోజుల్లో పన్నెండేసి గంటలు లేబర్ రూములో నిలబడి, నీళ్లు తాగక, బాత్రూముకి వెళ్లే తీరిక లేక, నాకూ ఇదే ఇన్‌ఫెక్షన్ వచ్చింది. నర్సులకి వస్తుంది, బస్సు కండక్టర్లుగా చేసే ఆడవాళ్లకి వస్తుంది, టీచర్లకి వస్తుంది. మీ వీధిలో ఆవిడకి రాలేదంటే మంచిదే.

"లేనివాళ్లం కాబట్టేనా" అని అడిగారు. దానికి నిజాయితీగా రెండు ముక్కలు చెప్పాలి. నాకు మంట పుట్టిన రోజునే పక్క డిపార్టుమెంటులో కల్చర్ ఇచ్చాను, మూడో రోజుకి మందు మారింది, వారంలో తీరిపోయింది. మీకు మంట పుట్టి పది రోజులు మిర్చి ఘాటు అనుకున్నారు, తర్వాత కల్చర్ ఖర్చు అడ్డొచ్చింది, తర్వాత మూడు రోజుల మాత్రల్లో రెండు రోజులవి వాడారు. క్రిమి ఇద్దరిలోనూ ఒకటే. అది పట్టుబడి పోవడానికి నాకు వారం పట్టింది, మీకు ఇన్ని వారాలైనా ఇంకా పోయిందో లేదో తెలీదు. ఈ తేడా డబ్బుదే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రోజు కూలికి, ఆసుపత్రికి మధ్య ఉన్న దూరానిది. అది మీ తప్పు కాదు.

అసలు ఈ రోగం మొదలయ్యే దగ్గర కూడా డబ్బు ప్రమేయం ఉంది, కాకపోతే శుభ్రం రూపంలో కాదు. ముచ్చికలు తీసేచోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా కింద కూర్చుంటారు. మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం, తాళం లేకపోతే నీళ్లు ఉండవు. అందుకని మీరంతా ఏం చేస్తారో నాకు తెలుసు: నీళ్లు తాగడం మానేస్తారు. ఫిబ్రవరి నుంచి ఎండ ముదురుతుంటే, మిర్చి దుమ్ములో కూర్చుని, గొంతు తడుపుకుని సరిపెట్టుకుంటారు. మూత్రం చిక్కబడుతుంది, గంటల తరబడి ఆపుకుంటారు. క్రిమికి కావలసింది అదే. ఒడిశాలో గర్భిణులను కాన్పు దాకా గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. బహిర్భూమికి వెళ్లాల్సి వచ్చిన ఆడవాళ్లలో నెలలు నిండకుండా కాన్పులు ఎక్కువగా కనిపించాయి. పేదరికాన్నీ కులాన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. అంటే కేవలం పేదరాలు కావడం కాదు, మరుగుదొడ్డి లేకపోవడం అన్నది విడిగా తన దెబ్బ తాను కొడుతున్నట్టుంది. మరుగుదొడ్డి సంగతి ఒక్కరే అడిగితే మేస్త్రీ వినడు. సీజన్లో పనికి మనుషులు దొరకని రోజుల్లో పదిమంది కలిసి అడగండి, అప్పుడు వింటాడు. ఈలోపు రెండు లీటర్ల సీసా వెంట తీసుకెళ్లి సాయంత్రానికి ఖాళీ చేయండి, రెండు మూడు గంటలకోసారి ఎక్కడో ఒకచోటికి తోడుగా మనిషిని తీసుకుని వెళ్లి రండి. కాసేపు పని ఆగుతుంది, ఆగనివ్వండి.

(ఈ రోగం గురించి మనకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఒకటి పేదల దగ్గర నేర్చుకున్నదే. 1950ల్లో అమెరికాలో బోస్టన్ సిటీ హాస్పిటల్ అనే ధర్మాసుపత్రికి వచ్చే గర్భిణుల మూత్రాన్ని వరసబెట్టి కల్చర్ చేసి, మంట లేకుండా కూడా క్రిములుంటాయని, మిల్లీలీటరుకి లక్ష దాటితే అది అసలైన ఇన్‌ఫెక్షనని తేల్చిన డాక్టరు ఎడ్వర్డ్ కాస్. మీ రిపోర్టులో "టెన్ టు ద పవర్ ఆఫ్ ఫైవ్" అని కనిపిస్తే ఆ లక్షే.)

బిడ్డ ముందే పుడుతుందా అన్నదానికి వస్తాను. మొదటి బాబు ఇన్‌ఫెక్షన్ వల్లే ముందు పుట్టాడని ఇప్పుడు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. "అయ్యుండొచ్చు" అన్న మీ డాక్టరమ్మ సరిగ్గానే అన్నారు. నెలలు నిండని కాన్పుల్లో చాలావాటికి కారణమే తేలదు. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి సరిగ్గా మందు వాడితే అది కిడ్నీకి పాకకుండా ఆపుతుందని గట్టిగా చెప్తాను. కాన్పు ముందు రాకుండా ఆపుతుందని మాత్రం అంత గట్టిగా మాట ఇవ్వను, తగ్గిస్తుందనే ఆశ ఉంది. కిడ్నీకి పాకితే చలిజ్వరం వచ్చి నొప్పులు మొదలవడం నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను, అందుకే ఇంత పట్టుదలగా చెప్తున్నాను.

కానీ మీ విషయంలో కల్చర్‌తో సమానంగా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, మీరు దాన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. ఒకసారి నెలలు నిండకుండా కాన్పయిన తల్లికి మళ్లీ అలా అయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఇది డాక్టరుకి తెలియాలి, మీ కార్డు మీద ఉండాలి. ప్రతి నెలా 9వ తారీఖున సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు స్వయంగా చూస్తారు, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద. ఆ రోజు వెళ్లి "మొదటి బాబు ఎనిమిదో నెలలో పుట్టాడు, కిలో ఏడొందలు" అని మీరే నోరు తెరిచి చెప్పండి. కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు, ప్రమాదం ఎక్కువున్న గర్భిణి అని దాని అర్థం. అది చూసి చిన్నతనంగా అనుకునేవాళ్లున్నారు. అది ఉంటే కాన్పు రోజున ఎవరూ మిమ్మల్ని "ఇంకా టైముంది, ఇంటికెళ్లి రా" అని తేలిగ్గా పంపేయరు.

అయిదో నెలలో ఉన్నారు కాబట్టి సమయం కూడా కలిసొచ్చింది. గర్భసంచి ముఖద్వారం పొడవు స్కానింగ్‌లో కొలిచేది ఈ నెలల్లోనే. పొట్టిగా ఉంటే ప్రొజెస్టిరాన్ మందు ఇవ్వడమో, కుట్టు వేయడమో ఆలోచిస్తారు. ఆరో నెల దాటాక కొలిస్తే చేయగలిగేది తక్కువ. పిల్ల అవయవాలు చూసే స్కానింగ్ కూడా ఇప్పుడే చేస్తారు, రెండూ ఒకే రోజు అడగండి. కాన్పు ఎక్కడన్నది కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. నెలలు తక్కువ పిల్లల్ని చూసుకునే వార్డు ఉన్న ఆసుపత్రే మీకు కావాలి, ఇంటికి దగ్గరగా ఉందని చిన్న నర్సింగ్ హోమ్ వద్దు. ఒకవేళ ముందే నొప్పులు వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. అవి పనిచేయడానికి టైము కావాలి. అందుకే నొప్పులు ముదిరేదాకా ఇంట్లో ఓర్చుకోకూడదు.

ఎప్పుడు పరుగెత్తాలో మీ ఆయనకీ అత్తగారికీ చదివి వినిపించండి. చలితో జ్వరం, నడుముకి ఒక పక్కన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి. అది కిడ్నీకి పాకిన గుర్తు కావచ్చు, అలా పాకితే మాత్రలతో ఇంట్లో తగ్గించుకునేది కాదు, సూదిమందులకి చేర్చుకోవాల్సి ఉంటుంది. కడుపు మళ్లీ మళ్లీ రాయిలా బిగుసుకుంటున్నా, ఉమ్మనీరు కారుతున్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా రాత్రనీ పగలనీ చూడకండి. ఆయన ఆటో వేరే ఊళ్లో ఉంటే ఆయన కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రక్తం సంగతి మీరు రాయలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లే, కాబట్టి మీకూ ఉండే అవకాశం ఉంది. కార్డులో హెచ్‌బి ఎంత రాసుందో చూడండి, 11 కంటే తక్కువైతే రక్తహీనతే. ఎర్ర ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోండి, టీతో వద్దు, క్యాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు. నులిపురుగుల మాత్ర మూడు నెలలు దాటాక ఒకసారి ఇస్తారు, ఇచ్చారా అని అడగండి. అంగన్‌వాడీలో మీ పేరు మీద వచ్చే గుడ్లు, పాలు మీరే తినాలి. మూడేళ్ల బాబుకి సగం, మీకు సగం అని పంచుకుంటున్నారేమో, బాబు వాటా బాబుకి విడిగా ఉంటుంది. ఆకలి, నీరసంతో పని చేసే ఒంట్లో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

పని మానలేనన్నారు, మానమని నేను చెప్పడం లేదు. బస్తాలు ఎత్తడం, జరపడం మాత్రం ఇవాళ్టి నుంచి ఆపేయండి, ముచ్చికలు తీయడం వరకే చూసుకోండి. ముక్కుకి అడ్డంగా గుడ్డ కట్టుకోండి. కాళ్లు ముడుచుకుని గంటల తరబడి ఒకేచోట కూర్చోకుండా మధ్య మధ్యలో లేచి నడవండి. మీ ఆయనకి ఈ ఇన్‌ఫెక్షన్‌కి మందు అక్కర్లేదు. కలిశాక ఒకసారి మూత్రానికి వెళ్లి రావడం మీ మట్టుకు మీరు చేసుకోవాల్సిన పని. తెల్లబట్ట వాసనతోనో పెరుగు ముక్కల్లానో వస్తోంటే మాత్రం అది వేరే సంగతి, డాక్టరుతో విడిగా చెప్పండి.

బార్లీ నీళ్లు తాగండి, మంచిదే. కొబ్బరినీళ్లు, పలచటి మజ్జిగ కూడా. వాటివల్ల మూత్రం పలచబడి మంట తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి కల్చర్ మానేయకపోతే చాలు. రిపోర్టు చేతికొచ్చాక దాన్ని ఫొటో తీసి మళ్లీ రాయండి, ఏ మందు రాశారో కూడా.